మత్తడికీ మరవకూ మధ్య ఐదు వందల కిలోమీటర్లు

"ఈ చెరువుకు మత్తడి లేదు. భారీ వర్షం కురిస్తే కట్ట తెగే ప్రమాదం ఉంది."

వరంగల్ వైపున్న మా కళాశాల, అనంతపురం వైపున్న మరో కళాశాల కలిసి విద్యార్థులతో చెరువుల మీద చేయించిన ఉమ్మడి ప్రాజెక్టులో, మొదటి విడత నివేదికల్లో ఒకదాని ఇరవై రెండో పేజీలోని వాక్యాలివి. రాసినవాళ్లు మా విద్యార్థులు. చెరువు ఉన్నది పూర్వపు అనంతపురం జిల్లాలో. ఆ నివేదికను నాకంటే ముందు అవతలి కళాశాల మేడం చదివారు. ఫోను చేసి చాలాసేపు నవ్వి, "సార్, ఆ చెరువుకు దిట్టమైన రాతి మరవ ఉంది. మా పిల్లలు దాని మీద నిలబడి ఫొటో కూడా దిగారు" అన్నారు.

తెలంగాణలో మేం మత్తడి అనో అలుగు అనో పిలిచేదాన్నే రాయలసీమలో మరవ అంటారు. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే దారి అది. ఉమ్మడి పట్టికలో మావాళ్లు 'మత్తడి పొడవు' అని ఒక గడి పెట్టారు. ఆ మాట ఎప్పుడూ వినని అనంతపురం విద్యార్థి అక్కడ 'లేదు' అని నింపాడు. మావాళ్లు దాన్ని నమ్మి, భయపడి, హెచ్చరిక కూడా రాసేశారు. పది వారాలు ఒకే జట్టుగా ఉన్న ఆరుగురిలో ఒక్కరైనా ఫోను తీసి "మత్తడి లేకుండా చెరువు ఎలా నిలిచింది?" అని అడగలేదు.

వేర్వేరు కళాశాలల పిల్లలను ఆన్‌లైన్‌లో ఒక జట్టుగా కూర్చితే చాలు, కలిసి నేర్చుకుంటారని నేను అనుకున్నాను. వాళ్లు పని పంచుకున్నారు, అంతే. పంచుకోవడానికీ కలిసి చేయడానికీ ఎంత తేడా ఉందో ఆ గడి చూశాకే నాకు తెలిసివచ్చింది. రెండు విడతల్లో మేం ఏం చేశామో, ఎక్కడ బోల్తా పడ్డామో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ప్రయత్నం చేయబోయే అధ్యాపకులకు మా తప్పులైనా పనికొస్తాయి.

ఎలా మొదలైంది

నేను పూర్వపు వరంగల్ జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో, సివిల్ విభాగంలో నీటి వనరుల పాఠం చెబుతాను. అధ్యాపకుల కోసం పెట్టిన ఒక ఆన్‌లైన్ శిక్షణలో, అనంతపురం వైపు ఇదే పాఠం చెప్పే మేడం పరిచయమయ్యారు. మాటల మధ్యలో ఆమె, "మా పిల్లలకు చెరువంటే కంపచెట్లే గుర్తొస్తాయి సార్. పుస్తకంలో నిండు చెరువు బొమ్మ చూపిస్తే పరాయి దేశాన్ని చూసినట్టు చూస్తారు" అన్నారు. మా పిల్లలది మరో తీరు. కాకతీయుల నాటి పాఖాల, రామప్ప, లక్నవరం బస్సెక్కితే చేరేంత దూరంలోనే ఉన్నాయి కాబట్టి, చెరువన్నాక నీళ్లుంటాయి, అందులో వింతేముంది అన్నట్టుంటారు. వరంగల్ వైపు ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో సుమారు 550. ఒకే పాఠ్యపుస్తకం ఈ రెండు నేలలకూ ఒకే చెరువును చూపిస్తుంది.

అలా మూడో సంవత్సరం బీటెక్ విద్యార్థుల మినీ ప్రాజెక్టును ఉమ్మడిగా చేయిద్దామనుకున్నాం. అటు పద్దెనిమిది మంది, ఇటు పద్దెనిమిది మంది. ఆరుగురికి ఒక జట్టు, అందులో సగం మావాళ్లు, సగం వాళ్లవాళ్లు. జట్టుకు రెండు చెరువులు: ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, వీలైతే ఎవరో ఒకరి సొంత ఊరిది. కట్ట పొడవు, తూములు, ఆయకట్టు కొలిచి రాయాలి. ఉపగ్రహ చిత్రాల సాయంతో ఏ ఏడాది నీరు ఎంత మేర పరుచుకుందో లెక్కగట్టాలి. 2015 నుంచి ఇక్కడ మిషన్ కాకతీయ, అక్కడ నీరు-చెట్టు కింద పూడిక తీశారు కదా, దానివల్ల ఏం మారిందో పోల్చాలి. చివరికి ఒకే నివేదిక ఇవ్వాలి.

రెండు యాజమాన్యాల మధ్య ఒప్పంద పత్రం మీద సంతకాలు పడటానికి ఏడు వారాలు పట్టింది. సంతకాల ఫొటోలు కళాశాలకు గుర్తింపు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం పెట్టిన ఫైలులో చేరడానికి ఏడు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు రాజ్యాల సరిహద్దు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువును తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క కూడా చెప్పారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం వరసగా చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం మరో దోషం. విద్యార్థులకు ఇది చదివి వినిపించినప్పుడు వెనుక బెంచీ నుంచి ఒకడు, "సార్, మన ప్రాజెక్టుకు ఉన్న దోషం అదే" అన్నాడు. నేను నవ్వాను గానీ వాడన్నది అక్షరాలా నిజం.

వాళ్లది ఒక విశ్వవిద్యాలయం, మాది మరొకటి. మా మిడ్ పరీక్షలు ముగిసేసరికి వాళ్లవి మొదలయ్యేవి. వాళ్లు పని మీదకు వచ్చేసరికి మాకు బతుకమ్మ, దసరా సెలవులు. పది వారాల ప్రాజెక్టు అని గొప్పగా ప్రకటించాం. రెండు వైపులా పిల్లలు ఒకే వారంలో ఖాళీగా ఉన్నవి లెక్కపెడితే నాలుగు. ఈ లెక్క చివర్లో కాక మొదట్లోనే వేసుకుని ఉండాల్సింది. రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూడటం అరగంట పని. మేం చేయలేదు.

తర్వాత మెయిల్ ఖాతాల గొడవ. మా కళాశాల ఇచ్చిన ఖాతాలతో తెరిచిన ఫైలు బయటి కళాశాలవాళ్లకు తెరుచుకోదు. వాళ్ల ఆన్‌లైన్ క్లాస్‌రూమ్‌లోకి మావాళ్లను రానివ్వదు. అది భద్రత కోసం పెట్టుకున్న ఏర్పాటు, తప్పుపట్టడానికి లేదు. కానీ దాన్ని గుర్తించేలోపే రెండు వారాలు గడిచిపోయాయి. చివరికి అందరూ సొంత జీమెయిల్‌కు మారారు. రెండో విడతకు మాత్రం కంప్యూటర్ విభాగంవాళ్లను ముందే అడిగి అవతలి కళాశాల చిరునామాలకు మాత్రమే తలుపు తీయించుకున్నాం.

వాట్సాప్ సంగతి నేను అసలు ఊహించలేదు. జట్టుకో గ్రూపు పెట్టుకోమన్న రెండో రోజే ఒక తండ్రి ఫోను చేశారు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. "సార్, మా అమ్మాయి నంబరు తెలియని ఊరి అబ్బాయిల దగ్గరకు పోతోందట కదా" అన్నారు. ఆయన అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ వారంలో ఇంకో ఇద్దరు అమ్మాయిలు గ్రూపుల నుంచి మౌనంగా బయటికి వెళ్లిపోయారు. వాళ్లను వెనక్కి తెచ్చుకోవడానికి నంబరు కనిపించకుండా పెట్టుకునే వీలున్న టెలిగ్రామ్‌కు మారాం. ప్రతి గ్రూపులో మా ఇద్దరినీ కూర్చోబెట్టాం. దూరాన ఉన్న కళాశాలతో పని మొదలుపెట్టేముందు ఈ ఏర్పాటు గురించి తల్లిదండ్రులకు ఒక కాగితం పంపడం మర్యాద. మేం రెండో విడతలో పంపాం.

మొదటి ఉమ్మడి సమావేశం వీడియోలో పెట్టాం. తెర మీద ముప్పై ఆరు నల్లటి గళ్లు, మాట్లాడుతున్నది మేం ఇద్దరమే. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా సాయంత్రానికే అయిపోతుంది. హాస్టల్ వరండాలో నిలబడి కెమెరా పెట్టడానికి మొహమాటం. అడిగితే చాట్‌లో "ఓకే సార్" అని పడేది. అదే పిల్లలు రాత్రి తొమ్మిది దాటాక ఒకరికొకరు పంపుకున్న వాయిస్ మెసేజ్‌లలో ఎంత హుషారుగా మాట్లాడుకునేవారో తర్వాత తెలిసింది. మేం నేర్చుకున్న అతి చవకైన పాఠం ఇదే: వారానికొక సమావేశాన్ని తీసేసి, వారానికి ఒక్కొక్కరు రెండు వాయిస్ మెసేజ్‌లు పంపాలన్నాం. ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు వింటారు, తీరిక చూసుకుని బదులిస్తారు, ఇంగ్లిషు రాదన్న బెరుకూ ఉండదు.

కుట్టిన బొంత

ఆరు నివేదికలూ సమయానికే వచ్చాయి. తెరిచి చూస్తే ఒకటి నుంచి పదో పేజీ వరకు మా చెరువు, పదకొండు నుంచి ఇరవై వరకు వాళ్ల చెరువు, చివర మూడు పేజీల 'పోలిక'. మొదటి సగం ఒక అక్షరరూపంలో, రెండో సగం మరో అక్షరరూపంలో. ఒక జట్టు రెండు సగాలకూ విడివిడిగా రెండు ముగింపులు రాసింది. రెండు చీరలను కలిపి కుట్టిన బొంత.

గూగుల్ డాక్స్‌లో ఏ వాక్యాన్ని ఎవరు ఎప్పుడు రాశారో, ఎవరు దిద్దారో మార్పుల చరిత్రలో రంగుల్లో కనిపిస్తుంది. మేడం, నేను ఒక శనివారం కూర్చుని ఆరు జట్ల చరిత్రనూ వెనక్కి తిప్పుతూ చూశాం. రాత పనంతా చివరి రెండు రాత్రుల్లో జరిగింది. నాలుగు జట్లలో అవతలి కళాశాలవాళ్లు రాసిన వాక్యాన్ని ఇవతలివాళ్లు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఒక కామా కూడా మార్చలేదు. 'పోలిక' భాగాన్ని అన్ని జట్లలోనూ ఎవరో ఒక్కరే రాశారు, అర్ధరాత్రి దాటాక.

ఒకరి పనికి ఒకరు మార్కులు వేయమని కూడా అడిగాం. వంద మార్కులను ఆరుగురికీ వాళ్ల కృషిని బట్టి పంచమన్నాం. ఐదు జట్ల నుంచి వచ్చిన సమాధానం అందరికీ 16.66. ఆరో జట్టు కాస్త ఉదారంగా, మిగిలిపోయిన 0.04ను జట్టు నాయకురాలికి ఇచ్చింది.

ఇంజినీర్లకు రింగెల్‌మన్ పేరు తగులుతూనే ఉంటుంది. ఈ ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషులతో తాడు లాగించి బలం కొలిచాడు. 1913లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. మా జట్లలో జరిగింది కూడా ఇదేనని, పిల్లలు ఒకరి మీద ఒకరు వేసుకుని బద్ధకించారని నేను మొదట తేల్చేశాను. మేడం ఒప్పుకోలేదు. "సగాలు విడివిడిగా చదవండి సార్. ఎంత బాగున్నాయో చూడండి" అన్నారు. చదివాను. నిజమే. మా ముగ్గురూ మా చెరువు గురించి కట్ట మీద రాళ్ల వరసలతో సహా రాశారు. వాళ్ల ముగ్గురూ ఎండలో నాలుగు కిలోమీటర్ల కాలువ వెంట నడిచి రాశారు. ఎవరూ బద్ధకించలేదు. ఒకరి సగం రాయడానికి రెండోవాళ్ల అవసరమే పడలేదు. ఒకే తాడు అనుకుంటూ నేనిచ్చినవి రెండు తాళ్లు.

గుంట అంటే ఎంత

మరవ సంగతి బయటపడ్డాక మేం ఇద్దరం, ఆసక్తి ఉన్న ఏడెనిమిది మంది పిల్లలు కలిసి ఒక షీటు తెరిచి మాటల పట్టిక మొదలుపెట్టాం. ఒక వరసలో వరంగల్ మాట, పక్కన అనంతపురం మాట, ఆ పక్కన అర్థం. మత్తడి, అలుగు అంటే మరవ. మా కళాశాలలో చదువుతున్న గుంటూరు వైపు అమ్మాయి 'మా దగ్గర కలుజు' అని ఇంకో గడి చేర్చింది. మా సర్కారు తుమ్మ వాళ్ల కంప. నీళ్లు పారించే మనిషి మాకు నీరటి, వాళ్లకు నీరుగంటి.

అసలు చిక్కు గుంట దగ్గర వచ్చింది. మావాళ్లు ఒక నివేదికలో, చెరువు శికంలో, అంటే చెరువు లోపలి నేలలో, 25 గుంటల మేర ఆక్రమణ ఉందని రాశారు. అనంతపురం విద్యార్థులు దాన్ని చదివి, శికంలో ఇరవై అయిదు గోతులు తవ్వారని అర్థం చేసుకున్నారు. అంతటితో ఆగకుండా అవి పూడిక తీసినప్పుడు పడ్డ గోతులై ఉంటాయని ఒక పేరా వివరణ కూడా రాశారు. తెలంగాణలో గుంట భూమి కొలత: 121 చదరపు గజాలు, ఎకరానికి 40. రాయలసీమలో గుంట అంటే నీళ్లు నిలిచే పల్లం. అక్కడ భూమిని సెంట్లలో లెక్కిస్తారు, ఎకరానికి వంద.

దీన్ని పరిష్కరిస్తూ కూర్చున్నప్పుడే ఒక విద్యార్థి ఇంకో సంగతి పట్టుకున్నాడు. మేం వాడే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అంటే 100 చదరపు మీటర్లు. గుంటను చదరపు మీటర్లలోకి మారిస్తే 101 చిల్లర. "సార్, ఒక చుక్క అంటే ఒక గుంటే!" అని అరిచినంత పని చేశాడు. అటునుంచి వెంటనే, "అయితే మాకు రెండున్నర సెంట్లు" అని వచ్చింది. నాలుగేళ్లుగా ఈ చిత్రాలతో పాఠం చెబుతున్నాను. నాకు ఎప్పుడూ తట్టలేదు. ఐదెకరాల కుంట తెర మీద రెండు వందల చుక్కలే అవుతుందని, అంచున పది చుక్కలు తప్పు లెక్కపెడితే పావెకరం తేడా వస్తుందని ఆ తర్వాత వాళ్లకు చెప్పనవసరం లేకపోయింది.

ఆ సాయంత్రం పిల్లలు నిజంగా కలిసి పనిచేశారు. మాటలు ఒకరి దగ్గర సగం, ఇంకొకరి దగ్గర సగం ఉన్నాయి. అవతలివాళ్లను అడగకుండా గడి నిండదు. ప్రాజెక్టునంతా ఇలాగే ఎందుకు కట్టకూడదని మేడం అడిగారు.

కళ్లు ఒకరివి, కాళ్లు ఒకరివి

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో 1971లో, నల్లజాతి, తెల్లజాతి పిల్లలను ఒకే బడిలో కలిపినప్పుడు తరగతుల్లో ఘర్షణలు మొదలయ్యాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్‌సన్, ఆయన విద్యార్థులు అక్కడ ఒక పద్ధతి పెట్టారు. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. మిగతా ముక్కలు తెలియాలంటే పక్కవాళ్లు చెప్పేది వినడం తప్ప దారి లేదు. దాన్ని జిగ్‌సా అంటారు. మాకున్న ఐదు వందల కిలోమీటర్ల దూరం దీనికి అడ్డు కాదు, పెట్టుబడి. మా పిల్లలు కోరుకున్నా అనంతపురం చెరువు కట్ట మీద నిలబడలేరు.

రెండో విడతలో కొత్త తరగతి వచ్చింది. అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది. జట్టుకు నలుగురే. చెరువులు మునుపటిలాగే రెండు. కానీ మా చెరువును ఉపగ్రహంలో చూసి లెక్కగట్టేది అనంతపురంవాళ్లు, వాళ్ల చెరువును చూసేది మావాళ్లు. చెరువు పక్కన ఉన్నవాళ్లకు పటం గీసే హక్కు లేదు. పటం గీసేవాళ్లకు చెరువు దగ్గరికి వెళ్లే వీలు లేదు. పటం జట్టు వారానికొక అంచనా పంపుతుంది: ఫలానా మూల నీరు తగ్గింది, ఫలానా చోట పైరు ఉంది అని. నేల జట్టు అక్కడికి వెళ్లి, ఫొటో తీసి, 'అవును', 'కాదు', 'కాదు ఎందుకంటే' అని మూడు రోజుల్లో బదులివ్వాలి. ఇదంతా రెండు క్యాలెండర్లలోనూ ఖాళీగా ఉన్న ఐదు వారాల్లోనే.

మొదటి వారంలోనే తగువు వచ్చింది. ఆగస్టు చివరి చిత్రం చూసి మావాళ్లు, "మీ చెరువు పూర్తిగా ఎండిపోయింది, పాడుబడింది" అని పంపారు. అటునుంచి కాస్త పౌరుషంగానే జవాబు వచ్చింది: "పాడుబడలేదు అన్నా. అప్పటికి ఇంకా వానే రాలేదు. మాకు సెప్టెంబరు, అక్టోబరులో పడితేనే చెరువులోకి నీళ్లు." జూన్‌లో రుతుపవనాలు వస్తే ఆగస్టుకల్లా చెరువు నిండాలన్నది మావాళ్ల లోకం. అనంతపురానికి వాన ఆలస్యంగా, చివరి నెలల్లో ఎక్కువగా వస్తుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యమే అది. మరోపక్క మా చెరువుల జూలై, ఆగస్టు చిత్రాలు తెరిచిన అనంతపురం పిల్లలకు మేఘాలు తప్ప ఏమీ కనిపించలేదు. "మీ ఊళ్లో చెరువు ఉందా అక్కా, మబ్బులే ఉన్నాయా?" అని అడిగారు. ఆ మాటతో లెక్కలన్నీ నవంబరు, డిసెంబరు చిత్రాలకు మారాయి. ఆ నిర్ణయం విద్యార్థులే తీసుకున్నారు, మేం చెప్పలేదు.

గుర్రపుడెక్క కథ మాత్రం నేను ఇప్పుడు ప్రతి ఏడాదీ తరగతిలో చెబుతున్నాను. ఉపగ్రహ చిత్రంలో నీటిని గుర్తించడానికి 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూచికను వాడతాం. ఆకుపచ్చ కాంతి నుంచి సమీప పరారుణ కాంతిని తీసేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. నీరు సమీప పరారుణాన్ని మింగేస్తుంది కాబట్టి సూచిక సున్నా పైన వస్తుంది. ఆకులు దాన్ని గట్టిగా తిప్పికొడతాయి కాబట్టి సున్నా కిందకు పోతుంది. అనంతపురం జట్టు మా చెరువు చిత్రాలు వరసగా పెట్టి, డిసెంబరు నాటికి నీరు దాదాపు సగానికి తగ్గిందని అంచనా పంపింది. మా నేల జట్టులోని ఇద్దరూ సైకిల్ మీద వెళ్లి చూస్తే చెరువు నిండుగా ఉంది. తూర్పు వైపు సగం మాత్రం గుర్రపుడెక్క పరుచుకుని పచ్చటి చాప వేసినట్టుంది. కింద నీరు, పైన ఆకు. ఉపగ్రహానికి కనిపించింది ఆకే.

"కాదు ఎందుకంటే" గడిలో మా అమ్మాయి రాసిన బదులు ఇది: "మీ లెక్క తప్పు కాదు. మా చెరువుకు దుప్పటి కప్పి ఉంది." తర్వాత ఆమె ఒక కర్రకు తాడు కట్టి, ఆ ఆకుల కింద లోతు కొలిచి పంపింది. అనంతపురం జట్టు ఆ కొలతతో పాత లెక్కలన్నీ తిరగేసి, గుర్రపుడెక్క ఎన్ని గుంటల్లో ఉందో వేరుగా కట్టింది. వాళ్లు ఇప్పుడు గుంటల్లోనే లెక్కిస్తున్నారని గమనించాను.

అటువైపు చెరువులోనూ ఇలాంటిదే. మావాళ్లు చెరువు మధ్యలో పచ్చదనం చూసి వరి అనుకున్నారు. వెళ్లి చూసినవాళ్లు ఒకే మాట రాశారు: "కంప." ఆ పక్కన ముల్లు గుచ్చుకున్న చెప్పు ఫొటో పెట్టారు. ఈసారి ఆ మాటకు అర్థం అడగాల్సిన పని మావాళ్లకు పడలేదు, పట్టికలో ఉంది.

మార్కులు

ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతి తీసేశాం. స్నేహధర్మం ముందు అది నిలవదు. వైవా, అంటే మౌఖిక పరీక్ష, తీరు మార్చాం. మా విద్యార్థిని అనంతపురం మేడం ప్రశ్నిస్తారు, అదీ మా ఊరి చెరువు గురించి కాదు, వాళ్ల చెరువు గురించి. "మరవ ఎక్కడుంది? ఎటు పారుతుంది? ఆ నీళ్లు కిందనున్న ఏ చెరువులోకి పోతాయి?" కట్ట మీద ఎన్నడూ కాలు పెట్టని పిల్లవాడు దీనికి జవాబు చెప్పాలంటే అవతలివాళ్లతో మాట్లాడి తీరాలి. ఎవరు మాట్లాడారో, ఎవరు మాట్లాడలేదో రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. దాంతోపాటు ప్రతి ఒక్కరూ అరపేజీ రాయాలి: 'అవతలివాళ్లు చెప్పకపోతే నేను ఏ తప్పు చేసి ఉండేవాణ్ని?' పదిహేనేళ్ల ఉద్యోగంలో నేను ఆసక్తిగా చదివిన జవాబు పత్రాలు తక్కువ. ఆ అరపేజీలు చదివాను.

రెండో విడత అంతా సజావుగా సాగిందనుకోవద్దు. ఒక జట్టు మూడో వారంలోనే విడిపోయింది. ఒకతను ప్రాంగణ నియామకాల శిక్షణకు వెళ్లిపోయాడు, ఇంకొకామెకు ఇంట్లో ఇబ్బంది. మిగిలిన ఇద్దరినీ పక్క జట్టులో కలిపాం. ఆ జట్టువాళ్లు లోపల సణుక్కుంటూనే కలుపుకున్నారు. విశ్వవిద్యాలయానికి నివేదిక ఇంగ్లిషులో ఇవ్వాలి కాబట్టి, వాయిస్ మెసేజ్‌లలో ఉన్న మంచి వాదనలన్నీ ఆ భాషలోకి వెళ్లేసరికి చప్పబడ్డాయి. 'దుప్పటి' అక్కడ లేదు. అనుబంధంగా తెలుగు మాటల పట్టికను చేర్చనివ్వడం వరకే మేం చేయగలిగాం. మా ఇద్దరి గంటల సంగతి సరేసరి. వారానికి ఆరేడు గంటలు అదనంగా పోయాయి, అవి ఏ పనిభారం లెక్కలోకీ రావు. పై అధికారులు ఇలాంటి ప్రాజెక్టులు అన్ని విభాగాల్లోనూ పెట్టాలంటున్నారు. పెట్టేముందు టైంటేబుల్‌లో ఆ గంటలకు చోటు చూపమని ఇద్దరం అడుగుతున్నాం.

ఇంకొకటి. చెరువు మాకు కలిసొచ్చింది. రెండు చోట్లా ఉండి, రెండు చోట్లా వేరుగా ఉండే వస్తువు అది. గణితం చెప్పే మిత్రుడొకరు తానూ ఇలాగే చేస్తానన్నారు. సమీకరణానికి వరంగల్ అయినా అనంతపురమైనా ఒకటే కదా, అవతలివాళ్ల దగ్గర మాత్రమే ఉండేది ఏమిటో ముందు వెతుక్కోమన్నాను. ఇంకా వెతుకుతున్నారు.

ఇప్పుడు మూడో విడత మొదలవుతోంది. మాటల పట్టికలో నీరటి, నీరుగంటి అని ఒకే వరసలో రాసుకున్నాం గానీ, ఇద్దరి పనీ ఒకటేనా అని పోయిన తరగతి పిల్లలకు అనుమానం వచ్చింది. ఎవరికి ముందు నీరు వదలాలో చెప్పే అధికారం ఇద్దరికీ ఒకేలా ఉండేదా, కూలి ధాన్యంగా ఇచ్చేవారా, ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారు? కాబట్టి ఈసారి అన్ని జట్లకూ మొదటి పని ఇదే: మా వైపు ఒక నీరటిని, వాళ్ల వైపు ఒక నీరుగంటిని వెతికి పట్టుకుని, ఇద్దరినీ ఫోనులో ఒకరితో ఒకరిని మాట్లాడించి, పిల్లలు పక్కన కూర్చుని వినాలి. మా ఊరి పెద్దాయన దొరికారు, ఒప్పుకున్నారు కూడా. సమయం రాత్రి తొమ్మిది అని పెట్టుకున్నాం. ఆయన ఎనిమిదింటికే పడుకుంటారట. మార్చాలి.